ఎలుక కాలేయంలో రాగి

తడ చుట్టుపక్కల గొర్రెలు మేపేవాళ్లకు పశువైద్యుడిగా నేను పదే పదే చెప్పే మాట ఒకటుంది. కోళ్ల దాణా గొర్రెకు పెట్టొద్దయ్యా అని. అందులోని రాగి గొర్రె కాలేయంలో నెలల తరబడి పేరుకుంటుంది. పైకి ఏమీ తెలియదు. ఉన్నట్టుండి కళ్లు పచ్చబడతాయి, మూత్రం ఎర్రగా పోస్తుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

గొర్రెకు మేతతో వచ్చేది, విల్సన్ జబ్బున్న మనిషికి పుట్టుకతోనే వస్తుంది. ఏటీపీ7బీ అనే జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ చెడిపోయి వస్తే, కాలేయం అదనపు రాగిని పైత్యరసంలోకి పంపలేదు. ఆ జన్యువు 1993లో దొరికింది. అంతకుముందే జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో దాల్చినచెక్క రంగు ఎలుకలు కొన్ని, నాలుగు నెలల వయసుకే కామెర్లు వచ్చి చనిపోతుండేవి. వాటినే ఎల్ఈసీ ఎలుకలంటారు. వాటి కాలేయం నిండా రాగి ఉందని 1991లో తేలింది. 1994లో చూస్తే లోపం సరిగ్గా ఆ జన్యువులోనే! ఆ జబ్బును ఎవరూ పనిగట్టుకుని పుట్టించలేదు. రోజూ బోనులు చూసేవాళ్ల కంటపడింది. హైదరాబాద్‌ జాతీయ పోషకాహార సంస్థలో 1996లో ఊబకాయపు ఎలుక బయటపడిందీ ఇలాగే. ప్రయోగశాల జంతువులను పెంచే విద్యకు ప్రాణం ఆ చూపులోనే ఉందని నా నమ్మకం.

అయితే ఎలుక అన్నీ చెప్పదు. బతికి బట్టకట్టిన ఎల్ఈసీ ఎలుకలకు కాలేయ క్యాన్సర్ వస్తుంది, విల్సన్ రోగుల్లో అది అరుదు. మనిషికి చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఎలుకలో అవి సరిగా కనబడవు. బెడ్లింగ్టన్ టెర్రియర్ కుక్కకూ కాలేయంలో రాగి చేరుతుంది గానీ, 2002లో తేలిన దాని లోపం కామ్‌డీ1 అనే వేరే జన్యువుది. అందుకే ఎలుకకు నయమైందన్న వార్త చదివి, రేపే మందు వచ్చేస్తుందని తల్లిదండ్రులు ఆశపడితే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నిజానికి మందులు ఇప్పటికే ఉన్నాయి. పెన్సిలమైన్ 1956 నుంచి ఉంది, తర్వాత జింక్ వచ్చింది. కాలేయం పాడవకముందే మొదలుపెట్టి, జీవితాంతం వాడాలి. మేనరికాలున్న మన ఇళ్లలో ఒక బిడ్డకు ఈ జబ్బని తేలితే, తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. వాళ్లు ఆడుతూ పాడుతూ ఉన్నా సరే, సెరులోప్లాస్మిన్ రక్తపరీక్ష, కంటి పరీక్ష చేయించండి.