కథానిలయం: సేకరణే విమర్శగా – స్థానిక రచయిత, పాఠకుల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీకాకుళంలోని కథానిలయాన్ని సాధారణంగా కథల గ్రంథాలయంగా, పరిశోధకులకు ఆకరాలు అందించే కేంద్రంగా పరిచయం చేస్తుంటారు. అది నిజమే గాని, ఆ పరిచయంతో దాని సాహిత్య ప్రాధాన్యం పూర్తిగా తెలియదు. మంచి కథ, చెడ్డ కథ అన్న వడపోత లేకుండా అచ్చయిన ప్రతి కథనూ దాచాలన్న నిర్ణయం ఒక విమర్శసూత్రమని, ఆ సూత్రం స్థానిక రచయితకు సాహిత్య చరిత్రలో చోటు కల్పిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే సూత్రం వల్ల స్థానిక పాఠకుడి విషయంలోనూ, అచ్చుకెక్కని కథ విషయంలోనూ ఏర్పడిన ఖాళీలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: కథానిలయం, కాళీపట్నం రామారావు, స్థానిక రచయిత, సేకరణ, ఎంపిక, ఉత్తరాంధ్ర కథ, పాఠకుడు.

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు కథ పత్రికను ఆశ్రయించి పెరిగింది. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడింది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన 'భారతి' 1991లో ఆగిపోయేదాకా అనేక తరాల కథకులకు వేదికగా నిలిచింది. వారపత్రికలు, మాసపత్రికలు, ప్రత్యేక సంచికలు కథను ఇంటింటికీ చేర్చాయి. అయితే పత్రిక ఎంత విస్తారంగా చదివిస్తుందో అంత త్వరగా మరపిస్తుంది. వారపత్రికలోని కథ వచ్చే వారానికి పాతబడుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ సంచిక పాతకాగితాల దుకాణానికి చేరుతుంది.

ఈ నష్టం అందరికీ ఒకేలా జరగలేదు. సంపుటాలు వేసుకోగలిగిన కథకులు, ప్రచురణ సంస్థల దృష్టిలో పడినవారు నిలిచారు. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు వంటి ప్రచురణ కేంద్రాలకు దూరంగా ఉంటూ నాలుగైదు కథలు రాసి ఆగిపోయిన ఉపాధ్యాయుడు, గుమాస్తా, గృహిణి పాత సంచికలతోపాటే కనుమరుగయ్యారు. సాహిత్య చరిత్రలో కనిపించని రచయిత నిజంగా రాయలేదా, రాసినది దొరకడం లేదా? ఈ తేడా తేలకుండా ఒక ప్రాంతపు కథ గురించి చేసే ఏ నిర్ధారణకూ గట్టి ఆధారం ఉండదు. కథానిలయం ప్రాధాన్యాన్ని ఈ సమస్య నేపథ్యంలో అంచనా వేయాలి.

2. పూర్వరంగం: లేరన్న మాటకు పట్టికతో సమాధానం

రచయితలకు, పాఠకులకు తోడ్పడే లాభాపేక్ష లేని సంస్థలు తెలుగువారికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆవిర్భవించింది. 1918లో వేటపాలెంలో ప్రారంభమైన సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరచడంలో పేరు పొందింది. వీటి ప్రధాన దృష్టి పాఠకుడి మీద ఉంది. పుస్తకాన్ని ఊరికి తేవడం వాటి లక్ష్యం.

స్థానిక రచయిత ఉనికిని నిరూపించడమే లక్ష్యంగా సాగిన పనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 'గోలకొండ కవుల సంచిక'. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్యకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చి చూపారు. ఆ కవులందరూ సమాన ప్రతిభ గలవారని ఆ సంచిక వాదించలేదు. వారున్నారని మాత్రమే నిరూపించింది. ఉన్నారా లేరా అన్న ప్రశ్న తేలిన తరువాతనే ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు అర్థం ఉంటుందని ఆ ప్రయత్నం స్పష్టం చేసింది. కాలమూ ప్రక్రియా వేరైనా, కథానిలయం ఆలోచన ఈ వరుసలోనిదే.

3. కథానిలయం: స్థాపన, స్వభావం

కాళీపట్నం రామారావు (1924–2021) శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందినవారు. విశాఖపట్నంలో దీర్ఘకాలం ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పురస్కారాల ద్వారా వచ్చిన సొమ్మును ఆయన కథల సేకరణకు వెచ్చించారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభమైంది. తెలుగు కథలన్నీ ఒకచోట లభ్యం కావాలన్నది దాని ఆశయం. పుస్తకాలను, పత్రికలను ఇచ్చిన దాతలు, రచయితల కుటుంబాలు, స్వచ్ఛందంగా పనిచేసిన సాహిత్యాభిమానులు దానిని నిలబెట్టారు. క్రమంగా కథల వివరాలు, పుటల ప్రతులు అంతర్జాలంలోనూ అందుబాటులోకి వచ్చాయి.

సంస్థ వెలసిన చోటు గమనింపదగినది. ఇది విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గాని, రాజధానిలో గాని వెలయలేదు. వెనుకబడినదిగా, వలసల జిల్లాగా పేరుపడిన ప్రాంతంలోని ఒక పట్టణంలో, ఒక మామూలు కాలనీలో వెలసింది. తెలుగు కథ మీద పనిచేయదలచినవారు కేంద్రం నుంచి అంచుకు ప్రయాణించవలసిన పరిస్థితిని అది కల్పించింది. ఆ జిల్లా కథకుడికి ఇది చిన్న విషయం కాదు. తన కథ, గురజాడ కథ, చాసో కథ, రావిశాస్త్రి కథ ఒకే కప్పు కింద, తన ఊరికి దగ్గరలో ఉన్నాయన్న ఎరుక అతనికి తన పూర్వీకులెవరో చెబుతుంది.

4. ఎంపిక, సేకరణ: రెండు పద్ధతులు

తెలుగు కథకు తోడ్పడిన రెండు ప్రయత్నాలను పోల్చితే కథానిలయం ప్రత్యేకత తెలుస్తుంది. కథాసాహితి సంస్థ 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో ఏటా ఎంపిక చేసిన కథలతో సంకలనాలు వెలువరించింది. ఆ సంకలనాలు పాఠకుడి శ్రమను తగ్గించాయి, కొత్త కథకులకు గుర్తింపునిచ్చాయి, మంచి కథ ఎలా ఉండాలన్న చర్చను సజీవంగా ఉంచాయి. ఎంపిక విమర్శకుడి బాధ్యత. అది లేకపోతే విలువల చర్చ ఉండదు.

కాని ప్రతి ఎంపికకూ ఒక కాలపు అభిరుచి, ఒక దృక్పథం హద్దులుగా ఉంటాయి. ఒక దశాబ్దంలో అప్రధానమనిపించిన కథ మరో దశాబ్దంలో కీలకం కావచ్చు. స్త్రీవాద, దళితవాద, ప్రాంతీయ అస్తిత్వ దృష్టులు బలపడిన తరువాత విమర్శకులు పాత పత్రికలను మళ్లీ తిరగేయవలసి వచ్చింది. అప్పటికి ఆ పత్రికలు మిగిలి ఉండాలి. ఏ కథ రేపు అవసరమవుతుందో నేటి విమర్శకుడు చెప్పలేడన్న ఒప్పుకోలు సేకరణలో ఉంది. అందుకే వడపోత లేని సేకరణను విమర్శకు దూరమైన పనిగా భావించడం సరికాదు. తన తీర్పే చివరిది కాదని అంగీకరించిన విమర్శ అది. ఎంపిక, సేకరణ పరస్పర విరుద్ధాలు కావు. సేకరణ ఉంటేనే ఎంపికను ప్రశ్నించడం సాధ్యమవుతుంది.

5. కథకుడి దృష్టి, సేకర్త దృష్టి

1970ల తరువాత రామారావు కథారచన బాగా తగ్గింది. ఒక గొప్ప కథకుడు రాయడం మాని సేకరణలో పడ్డాడని సాహిత్యలోకం విచారించడం సహజమే. అయితే ఈ రెండు పనుల వెనుక ఉన్న దృష్టి ఒకటేనని చెప్పడానికి ఆయన కథల్లోనే ఆధారం ఉంది.

1964లో 'యువ'లో వెలువడిన 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు, శ్రీరాములునాయుడి పంచాయతీ తీర్పు, సీతారాముడి దారుణ చర్య కథాంశాలు. కథ ముగింపు మీద విస్తృతంగా చర్చ జరిగింది. కాని కథలో అధికభాగం ఆ ముగింపు మీద కాక, సుందరపాలెం గ్రామం మారిన క్రమం మీద నిలిచింది. ఏ ఒక్కరి మంచితనమో, దుర్మార్గమో ఆ ఘటనను పూర్తిగా వివరించలేదు. పెద్దమనిషి న్యాయబుద్ధి కూడా వ్యవస్థ హద్దులను దాటలేకపోతుంది. వ్యక్తిని అర్థం చేసుకోవాలంటే అతని చుట్టూ ఉన్న అందరి లెక్కా చూడాలన్నది ఆ కథ నిర్మాణంలోనే ఉంది.

కథానిలయం ఇదే దృష్టిని సాహిత్యానికి అన్వయించింది. పదిమంది మహాకథకుల చరిత్రే తెలుగు కథా చరిత్ర కాదు. ఒక్క కథ మాత్రమే రాసినవారు, కాలక్షేపానికి రాసినవారు, ఎవరి ప్రోత్సాహమూ లేక ఆగిపోయినవారు కలిసి ఏర్పరచిన నేల మీద మహాకథకులు నిలబడ్డారు. ఆ నేలను చూడకుండా శిఖరాన్ని వివరించడం సాధ్యం కాదు. రామారావు కొత్త కథకుల కోసం కథారచన గురించి వ్యాసాలు రాసి 'కథాకథనం'గా వెలువరించడం కూడా ఈ దృష్టిలో భాగమే. గతించిన కథకుడిని భద్రపరచడం, రాబోయే కథకుడికి మెలకువలు చెప్పడం అనే రెండు పనులను ఆయన వేరువేరుగా చూడలేదు.

6. సేకరణ చరిత్రను సవరించిన తీరు

సేకరణ ఫలితాన్ని తొలి తెలుగు కథ గురించిన వాదంలో స్పష్టంగా చూడవచ్చు. 'దిద్దుబాటు' తొలి ఆధునిక కథ అన్నది చాలాకాలం పాఠ్యపుస్తకాల నిర్ధారణ. భండారు అచ్చమాంబ 1902 నాటి 'ధనత్రయోదశి' వెలుగులోకి వచ్చాక ఆ నిర్ధారణ చర్చనీయమైంది. కథానిలయంతో సన్నిహితంగా పనిచేసిన వివినమూర్తి 1910కి పూర్వపు కథలను సేకరించి 'దిద్దుబాటలు' పేరుతో సంకలనం చేయడంతో చర్చ మరో మెట్టెక్కింది. ఇప్పుడు 'దిద్దుబాటు' స్థానాన్ని సమర్థించేవారు కాలక్రమాన్ని మాత్రమే చూపితే సరిపోదు. శిల్పం, భాష, ఆధునికత అనే ప్రమాణాలను వివరించవలసి ఉంటుంది. ఆకరాలు పెరిగినకొద్దీ గురజాడ ప్రతిష్ఠ తగ్గలేదు, వాదించేవారి బాధ్యత పెరిగింది. సేకరణ విమర్శకు చేసిన నిజమైన సేవ ఇదే.

7. పరిమితులు

ఈ ప్రాధాన్యాన్ని గుర్తిస్తూనే మూడు పరిమితులను చర్చించాలి.

మొదటిది, అచ్చు హద్దు. అచ్చయిన కథకే ఇక్కడ చోటు. అయితే ఉత్తరాంధ్రలో కథ చెప్పేవారందరూ కథ అచ్చువేయించుకోగలిగినవారు కారు. సవరల, జాతాపుల, మత్స్యకారుల మౌఖిక కథనాలు ఈ నిర్వచనంలో ఇమడవు. ఇదే ప్రాంతంలో గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన సంప్రదాయం ఉంది. పత్రికను దాటి నోటిమాట దాకా వెళ్లడం ఒక్క సంస్థ చేయగల పని కాకపోవచ్చు. కాని పత్రికలకు ఎక్కనివారిని కూడా లెక్కించనిదే 'తెలుగు కథలన్నీ' అన్న మాటకు సంపూర్ణత రాదు.

రెండవది, పాఠకుడి స్థానం. సేకరణ పరిశోధకుడి అవసరాన్ని చక్కగా తీరుస్తుంది. ఏ రచయిత ఏ పత్రికలో ఎప్పుడు రాశాడో అతనికి కావాలి. సామాన్య పాఠకుడికి కావలసినది వేరు. వేల కథల మధ్య నిలబడిన డిగ్రీ విద్యార్థికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవారు ఉండాలి. పట్టిక ఆ పని చేయలేదు. వలస మీద, చేపలవేట మీద, జీడితోటల జీవితం మీద తన ప్రాంతంలో వచ్చిన కథలేమిటో విద్యార్థికి తెలియాలంటే విమర్శకుడు, అధ్యాపకుడు కలిసి దారి చూపాలి. కథలు భద్రంగా ఉండటం, చదవబడటం ఒకటి కాదు.

మూడవది, కొనసాగింపు. వ్యక్తి నిబద్ధత మీద నిలిచిన సంస్థ ఆ వ్యక్తి అనంతరం కఠినమైన పరీక్షను ఎదుర్కొంటుంది. స్థాపకుడు 2021లో మరణించారు. పాత కాగితం ఏ శతజయంతి సభ కోసమూ ఆగదు. పుటల సంరక్షణ, వివరాల నమోదు, కొత్త సంచికల చేర్పు రోజువారీ పనులు. సభల్లో వక్తలకు దొరికే గౌరవం ఈ పనులు చేసేవారికి దొరకదు. అందువల్ల వాటికి మనుషులు దొరకడమే కష్టం.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కథానిలయపు వడపోత లేని సేకరణ ఒక విమర్శసూత్రం. అది సాహిత్య విలువను నిరాకరించదు, విలువ నిర్ణయాన్ని పునర్విచారణకు అందుబాటులో ఉంచుతుంది.

2. స్థానిక రచయితకు ఇటువంటి సంస్థ ఇచ్చే తోడ్పాటు బహుమతి రూపంలో ఉండదు. రాసినది పోదన్న భరోసా, తనకు ముందు రాసినవారితో సంబంధం అతనికి లభిస్తాయి.

3. స్థానిక పాఠకుడి అవసరాన్ని సేకరణ ఒక్కటే తీర్చలేదు. అక్కడ విమర్శ, బోధన తోడుకావాలి.

4. విశ్వవిద్యాలయ పరిశోధన ఈ సేకరణ నుంచి తీసుకున్నంతగా దానికి తిరిగి ఇవ్వడం లేదు. ఒక ప్రాంతపు కథ మీద పరిశోధించినవారు తాము సేకరించిన అలభ్య సంచికల ప్రతులను, రచయితల వివరాలను అక్కడికి చేర్చితే వారి సిద్ధాంతగ్రంథంలోని అనుబంధం తరువాతి పరిశోధకుడికి మొదటి అధ్యాయమవుతుంది.

ప్రసిద్ధుల సంపుటాల మీదే మళ్లీ మళ్లీ సిద్ధాంతగ్రంథాలు రావడానికి ఆకరాల కొరతను కారణంగా చెప్పే వీలు ఇప్పుడు చాలావరకు లేదు. శ్రీకాకుళంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన పురస్కారాల సొమ్ముతో ప్రారంభించిన పని ఆ కారణాన్ని తొలగించింది. మిగిలిన పని తెలుగు శాఖలది.