ఏం చూశారో ముందు చెప్పండి

ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో మా సొసైటీ పార్కులో ఆదివారం పొద్దున నాలుగైదు తెలుగు కుటుంబాలం కూర్చుంటాం. ఎండాకాలమైతే ఆరున్నరకే చేరతాం. చలికాలంలో పొగమంచు విడి కాస్త ఎండ తగిలాక పదింటికి. ఒకరు ఫ్లాస్కులో కాఫీ తెస్తారు, ఇంకొకరు డబ్బాలో జంతికలో చెగోడీలో తెస్తారు. మాట్లాడుకునేది ఆ వారం చూసిన సినిమా గురించి. మాకో కట్టుబాటు ఉంది. నోరు తెరవగానే బాగుందనిగానీ బాగాలేదనిగానీ అనకూడదు. ఏం చూశారో ముందు చెప్పాలి.

ఈ కట్టుబాటు నా మూలంగానే వచ్చింది. 2023 మార్చిలో ‘బలగం’ ఓటీటీలోకి వచ్చినప్పుడు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చూసి, మర్నాడు పార్కులో రెండు ముక్కల్లో తేల్చేశాను: ఫస్టాఫ్ సాగదీత, సెకండాఫ్ అంతా ఏడుపు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక సోదరి అప్పటిదాకా మౌనంగా వింటోంది. “పిట్ట ముట్టకపోతే ఇంట్లోళ్ళ పానం ఎట్లుంటదో మీకెరికేనా అన్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు. తన తండ్రి పోయిన మూడోరోజు, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు ముద్ద పెట్టినప్పుడు ఏం జరిగిందో ఆమె చెప్పింది. విస్తరి ముందు ఎవరెవరు నిలబడ్డారు, ఎవరి ముఖం వైపు ఎవరు చూడలేదు, మేనత్త ఏ మాట మనసులో పెట్టుకుని అక్కడికి వచ్చింది, అన్నీ.

ఆమె ఆపగానే మాలో గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు అందుకున్నారు. ఆయన తన తండ్రికి కర్మ చేసింది ఇక్కడే, యమున ఒడ్డున, నిగంబోధ్ ఘాట్ దగ్గర. చలికాలంలో అక్కడ నది మీద తెల్లటి వలస పక్షులు గుంపులు గుంపులుగా వాలుతాయి. చూడటానికి వచ్చినవాళ్ళు వాటికి గింజలూ కారప్పూసా విసురుతుంటారు. “ఆకాశమంతా రెక్కలే. ఒక్క కాకి కనబడలేదండీ. పక్కన ఇంకో కుటుంబం వంతు కోసం ఎదురుచూస్తోంది. మా ఊళ్ళో అయితే గంటైనా ఆగేవాళ్ళం” అన్నారు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పదకొండో తరగతి అమ్మాయి అడిగింది, “కాకి తినకపోతే ఏమనుకుంటారు తాతగారూ?” అని. ఆ పూట ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఎవరూ లేవలేదు.

ఆ రాత్రి సినిమా మళ్ళీ చూశాను. కొమురయ్య చనిపోయిన ఇంట్లో మనవడికి పెళ్ళి ఆగిపోతుందన్న బెంగ. ఆ బెంగ వెనుక అప్పు. కొడుకుకీ అల్లుడికీ మధ్య ఏళ్ళ నాటి పంతం. అది మొదలైంది విందులో ఒక నల్లిబొక్క దగ్గర! మొదటిసారి అది నాకు హాస్యంగా కనబడింది. రెండోసారి మా ఇంట్లో ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో పిలుపు అందలేదని మా పెదనాన్న లేచి వెళ్ళిపోయిన రోజు గుర్తొచ్చింది. ఆయన మళ్ళీ మా గడప తొక్కలేదు. దర్శకుడు వేణు యెల్దండి ఎముకను అక్కడ ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది. తెలుగు ఇళ్ళలో బంధుత్వాలు తెగేది ఆస్తుల దగ్గర ఎంతో, అన్నం దగ్గర అంత. కొమురమ్మ, మొగిలయ్య దంపతులు చివర్లో పాడిన పాట కూడా మొదటిసారి నాకు ఏడుపుగానే వినబడింది. రెండోసారి వింటే, వాళ్ళు చచ్చిపోయినవాడి తరఫున బతికున్నవాళ్ళను పేరుపేరునా పలకరిస్తున్నారు. ఆ ఏడాది తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కలిసి ఈ సినిమా చూసింది. నేను ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. ఆ తేడా నా తీర్పులో ఉంది, సినిమాలో లేదు.

మన దగ్గర సినిమా మీద మాట అనగానే మార్కులే. ఐదుకు రెండుంబావు, రెండున్నర, మూడుంబావు. లేదంటే టాక్ ఏంటి, మొదటిరోజు వసూళ్ళెంత. వసూళ్ళు వ్యాపారం చేసేవాళ్ళకు అవసరమైన లెక్క. టికెట్టు కొని చూసినవాడు చెప్పాల్సింది వేరే. రెండున్నర ఇచ్చారంటే నేను మారు మాట ఏమనగలను? మూడు ఇచ్చి ఉండాల్సిందని అనగలను, అంతే. ‘మామిడికాయ పచ్చడి కలుపుతున్నప్పుడు ఆవిడ చెయ్యి ఆగింది’ అంటే మాత్రం నేనూ ఏదో ఒకటి చెప్పగలను.

సినిమా చూశాక కూర్చుని మాట్లాడుకోవడం ఢిల్లీకి పాత అలవాటు. విజయ ములే ఇక్కడ ఢిల్లీ ఫిల్మ్ సొసైటీని నిలబెట్టారు. 1959లో దేశంలోని ఫిల్మ్ సొసైటీలన్నీ కలిసి సమాఖ్యగా ఏర్పడ్డాయి. సత్యజిత్ రాయ్ దానికి అధ్యక్షులయ్యారు. సినిమా తెచ్చి చూపించడం ఆ సొసైటీల పనిలో సగం. మిగతా సగం, దీపాలు వెలిగాక దాని గురించి మాట్లాడటం. నేను ఈ ఊరికొచ్చిన కొత్తలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం సిరిఫోర్ట్‌లో జరిగేది. జనవరి చలిలో సినిమా వదిలాక బయట టీ పట్టుకుని నిలబడితే, పక్కనున్న మలయాళీ ఆయనో బెంగాలీ ఆవిడో ‘ఆ తలుపు మూడోసారి తెరిచినప్పుడు వెలుతురు ఎటునుంచి వచ్చిందో గమనించారా?’ అని అడిగేవారు. పేరు అడగరు, ఊరు అడగరు. నేను గమనించలేదని చెప్పడానికి సిగ్గుపడి, తర్వాతి సినిమాలో కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చునేవాణ్ణి. 2004లో ఆ ఉత్సవం గోవాకు వెళ్ళిపోయింది. నాకిప్పటికీ బాధే.

మన భాషలో ఈ పని గౌరవంగా చేసినవాళ్ళు లేరని కాదు. కొడవటిగంటి కుటుంబరావు గారు కథలూ నవలలూ రాసినంత శ్రద్ధగా సినిమా గురించి వ్యాసాలు రాశారు. మన ఇళ్ళలో ఆ వ్యాసాలు ఎంతమంది తీసి చదువుతున్నారు?

ఢిల్లీలో తెలుగువాడికి ఇంకో పని పడుతుంది. మన సినిమాను హిందీవాళ్ళకు చెప్పాలి. మా పక్క ఫ్లాట్ శర్మాజీకి ‘ఒక ఊరి కథ’ గురించి చెప్పాల్సి వచ్చింది. 1977లో మృణాల్ సేన్ తీసిన సినిమా. తెలుగు రాని బెంగాలీ దర్శకుడు తెలంగాణ పల్లెలో తీశాడు. కథేమో ప్రేమ్‌చంద్ ‘కఫన్’. ఆ పేరు వినగానే శర్మాజీ, తండ్రీకొడుకులు నిప్పులో బంగాళాదుంపలు కాల్చుకుని తింటూ ఉంటే గుడిసెలో కోడలు నొప్పులు పడే ఘట్టం చెప్పారు. ఆయన బళ్ళో చదువుకున్న కథ. నేను మమతా శంకర్ ముఖం గురించి చెప్పాను, వాసుదేవరావు ముసలి నవ్వు గురించి చెప్పాను. ఇద్దరం ఒకే గుడిసె ముందు నిలబడ్డట్టయింది. ఆయన బదులుగా ‘ట్వెల్త్ ఫెయిల్’ గురించి చెప్పారు. అందులోని ముఖర్జీ నగర్ గదుల్లాంటివి మా అన్నయ్య కొడుక్కి తెలుసు. సివిల్స్ కోసం మూడేళ్ళు ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కిటికీ లేని గదిలో ఉన్నాడు. వాడు ఆ సినిమా గురించి చెప్పింది ఒక్కటే: “బాబాయ్, ఫలితాలు చూసే సీనులో నేను బయటికి వెళ్ళిపోయాను.” అంతకన్నా నిజమైన అభిప్రాయం నేను వినలేదు.

అందుకే చెబుతున్నాను, ‘బాగాలేదు’ అనడానికీ ‘నాకు ఎక్కలేదు’ అనడానికీ చాలా దూరం. మొదటిది సినిమా మీద వేసే నింద, దానికి రుజువు చూపించాలి. రెండోది నా మీద నేను చెప్పుకునే మాట. ఎక్కకపోవడానికి నిద్రలేమి కారణం కావచ్చు, సబ్‌టైటిల్స్ కావచ్చు, ఆ రోజు ఆఫీసులో జరిగిన గొడవ కావచ్చు. నేనిప్పుడు సినిమా చూశాక ఒక రాత్రి ఆగుతాను. తెల్లారాక కూడా కళ్ళ ముందు నిలిచిన సన్నివేశం ఏదో చూసుకుని దానితో మొదలుపెడతాను. ముగింపు చెప్పను. ‘బలగం’లో పిట్ట ముట్టిందో లేదో ఇక్కడ కూడా రాయడం లేదు. చూడనివాళ్ళ దగ్గర దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు.

అన్నట్టు, ఆ పదకొండో తరగతి అమ్మాయి ఇప్పుడు డిగ్రీకి వచ్చింది. వాళ్ళింట్లో అందరికీ హిందీయే ముందు నోటికొస్తుంది. పోయిన ఆదివారం తను ‘35 చిన్న కథ కాదు’ గురించి చెప్పింది. తిరుపతి పిల్లాడు లెక్కల మాస్టారిని అడుగుతాడు: సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన అది చేరితే తొమ్మిది కన్నా పెద్దది ఎలా అవుతుంది? ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, లెక్కలు రాని తల్లి కొడుకు కోసం మళ్ళీ పుస్తకం పట్టడం దాకా వచ్చింది. మధ్యలో ‘భాగహారం’ అన్న మాట దొరక్క ఆగింది. గుంటూరు పెద్దాయన అందించబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. కాసేపటికి తనే ‘పంచడం’ అంది. ఆ మాటే బాగుంది. అన్నేళ్ళలో తను తెలుగులో అంతసేపు ఆగకుండా మాట్లాడటం వాళ్ళమ్మే మొదటిసారి విన్నారట.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, గాజియాబాద్‌లలో ఉన్న తెలుగువాళ్ళకు నాదొక విన్నపం. ఈ వారం చూసిన సినిమాలోంచి ఒక్క సన్నివేశం మీ పిల్లలకు తెలుగులో చెప్పండి. తర్వాత వాళ్ళు చూసినదాన్ని వాళ్ళను చెప్పమనండి. తప్పులు దిద్దకండి, పూర్తయ్యేదాకా వినండి.