సంబరానికి కాలు నిలవదు

వారానికో మాట పట్టుకుని దాని పుట్టుక వెతకడం నాకు అలవాటు. నిఘంటువు తెరిచే ముందు ఆ మాటని మొదట ఎవరి నోట విన్నానో గుర్తు చేసుకుంటాను. ఈ వారం మాట సంబరం. మా నాయనమ్మ నోట విన్నాను.

ఆమె విజయనగరం వైపు మనిషి. ఆమెకి సంబరమంటే అమ్మవారి పండగ. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను సంబరం, ముందురోజు తొలేళ్ల వేడుక. "సంబరానికి రండి" అని చుట్టాలకి కబురు వెళ్లేది. ఆ రెండు రోజులూ ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వీధిలోకి, వీధిలోంచి పెరట్లోకి.

చిన్నప్పుడు ప్రకృతి వికృతుల పట్టికలో సంభ్రమము, సంబరము అని వల్లించాను గానీ అర్థం పట్టలేదు. యాత్ర జాతర అయినట్టే సంభ్రమం సంబరమైంది. అందులో ఉన్నది 'భ్రమ్' ధాతువు. తిరగడమని అర్థం. భ్రమణం, భ్రమరం, భ్రమ ఆ ఇంటివే. సంస్కృతంలో సంభ్రమమంటే తొందర, తత్తరపాటు, ఒక్కోచోట భయం కూడా. తెలుగు నోట పడి ఒత్తులు రాలాక, ఆ కంగారులోంచి సంతోషం బయటికొచ్చింది. కన్నడంలో సంభ్రమ అనే రూపంతోనే వేడుక అనే అర్థం వచ్చింది. మనం రెండు రూపాలూ ఉంచుకున్నాం: పత్రికలో సంభ్రమాశ్చర్యాలు, ఇంట్లో సంబరం.

ఇది తెలిశాక నాయనమ్మ హడావుడి నాకు వేరుగా కనిపించింది. సంబరం ఊరేగింపులో పాలధార, జాలరి వల, అంజలి రథం ముందుగా సాగుతుంటే, సిరిమాను అనే పొడవాటి చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా గుడి నుంచి కోట వరకూ మూడుసార్లు తిరుగుతాడు. ఆ మాను దగ్గరికొచ్చినప్పుడు గుండె ఝల్లుమంటుంది. చేతులు వాటంతటవే లేస్తాయి. తత్తరపాటూ భయమూ ఆనందమూ విడదీయలేనట్టు ఉంటాయి. సంబరమంటే అదీ.

ఇప్పుడు బట్టల దుకాణం తగ్గింపు ధరలకీ, కేకు కోసి ఫొటో దిగడానికీ అదే మాట వాడుతున్నారు. నాకు బాధగా ఉంటుంది. వాటికి వేడుక ఉంది, సరదా ఉంది. సంబరాన్ని కాళ్లు నిలవని రోజుకి అట్టేపెట్టండి. మీ ఊళ్లో అమ్మవారి పండగని ఏమని పిలుస్తారో, పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.