పేగు కణాల లెక్క

గుర్రపు లద్దెతో చేసే పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నట్టల లార్వాలను పెంచి గుర్తుపట్టడం. ఢిల్లీ పెళ్లి ఊరేగింపులో నడిచేదైనా, ఘజియాబాద్ ఇటుక బట్టీల్లో బండి లాగేదైనా, మేరఠ్‌లో సైన్యం సాకేదైనా, పచ్చిక మేసే గుర్రం కడుపులో నట్టలు ఉండనే ఉంటాయి.

లద్దెలో దొరికే స్ట్రాంగైల్ అనే నట్టల గుడ్లు మాత్రం ఏ జాతివో చెప్పవు. అన్నీ కోలగా, పలచని పెంకుతో, ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. అందుకని తాజా లద్దెను సీసాలో వదులుగా నింపి, తడి ఆరకుండా 27 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచాలి. జనవరి చలికి ఇంక్యుబేటర్ కావాలి. మే ఎండల్లో చూడకుండా వదిలేస్తే అంతా ఎండిపోతుంది. తర్వాత పలచటి గుడ్డలో మూటకట్టి, గరాటులోని గోరువెచ్చని నీళ్లలో వేలాడదీస్తే లార్వాలు అడుగుకు దిగుతాయి. ఒక చుక్కకు అయోడిన్ కలిపితే వాటి కదలిక ఆగుతుంది.

ఇక మైక్రోస్కోపు కింద లెక్క. లార్వా పేగులో కణాలు ఎనిమిదే ఉంటే సాధారణంగా చిన్న స్ట్రాంగైల్. 28 నుంచి 32 దాకా, హద్దులు స్పష్టంగా కనిపిస్తే స్ట్రాంగైలస్ వల్గారిస్. తొందరపడితే రెండు కణాలు ఒకటిగా కనబడతాయి. ఫోకస్ తిప్పుతూ తల నుంచి తోక దాకా మళ్లీ చూడాలి.

ఈ ఓపిక ఎందుకంటే, వల్గారిస్ లార్వా గుర్రం పేగు గోడ దాటి, పేగులకు రక్తం తీసుకెళ్లే ధమనిలో చేరుతుంది. అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ముక్క తెగి చిన్న నాళానికి అడ్డుపడితే పేగులో కొంత భాగం చచ్చిపోతుంది. గుర్రం శూలతో నేలమీద పొర్లుతుంది. 1980లలో ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు గుర్రాల వైద్యంలోకి వచ్చాక ఆ భయం బాగా తగ్గింది. ఆ మందుకు దారి వేసిన శాస్త్రవేత్తలు క్యాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ దక్కింది. భయంతోపాటు పరీక్షించే అలవాటూ తగ్గింది. క్యాలెండర్ చూసి అన్ని గుర్రాలకూ నట్టల మందు పట్టించే పద్ధతి స్థిరపడింది. చాలా దేశాల్లో చిన్న స్ట్రాంగైళ్లు బెంజిమిడజోల్ మందులకు లొంగడం మానేశాయి. పరీక్షించకుండా మందు పట్టించడం నాకు మింగుడుపడదు. మందు పట్టిన రెండు వారాలకు గుడ్లు మళ్లీ లెక్కించకపోతే, అది పనిచేసిందని ఏ ధైర్యంతో చెబుతాం?

ఈ పరీక్షకూ ఒక హద్దుంది. ధమనిలో ఉన్న వల్గారిస్ గుడ్లు పెట్టదు. గుర్రం లోపలికి వెళ్లాక ఆరేడు నెలలకు గాని దాని గుడ్లు బయటపడవు. కార్తీకంలో పెళ్లిళ్ల కోసం కొన్న గుర్రం లద్దెలో అది తేలిందంటే, చైత్ర వైశాఖాల్లోనో అంతకుముందో మేతతో వెళ్లినదన్నమాట. అప్పుడు ఆ గుర్రం ఎక్కడ మేసిందో, పక్కన ఇంకేవి మేశాయో పాత యజమానిని అడగాలి. వాటి లద్దె కూడా తెప్పించుకోవాలి.