మాట ఆమెది, నిర్వహణ ఆయనది

పావగడ తాలూకా వై.ఎన్. హొసకోట పట్టుచీరల నేతకు పేరుపొందిన ఊరు. ఇక్కడ చాలామందికి ఇంట తెలుగు, బడిలో, కచేరీలో కన్నడం. కొన్నేళ్ళ కిందట ఈ ఊరిలో జరిగిన ఒక సభకు మేము వెళ్ళాం. ఆహ్వానపత్రం రెండు భాషల్లోనూ చక్కగా ఉంది. దాన్ని రాసింది, అచ్చుతప్పులు దిద్దింది, అతిథులకు కబురంపింది ఒక ఉపాధ్యాయిని. అడుగున ‘నిర్వాహకులు’ అన్న మాట కింద ఉన్నవన్నీ మగవారి పేర్లే. సమాచార నిర్వహణ వృత్తిలోని స్త్రీపురుష అసమానతను వివరించడానికి ఆ ఒక్క కాగితం చాలు.

భాషాశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక తేలిక సమాధానం తోస్తుంది. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అన్నప్పుడు తెలుగులో క్రియారూపం ఒకటే. ఏకవచనంలో స్త్రీని అమహత్తుతో కలిపిన వ్యాకరణమే సమాజానికి అద్దమని కొందరంటారు. ఈ వాదాన్ని మేము అంగీకరించలేం. కన్నడంలో ‘బందళు’ వేరు, ‘బంతు’ వేరు. అయినా ఆ పత్రం కన్నడ భాగంలోనూ ఆమె పేరు లేదు. కనుక దోషం ప్రత్యయానిది కాదు, పని పంపకానిది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 1986లో ‘వెల్వెట్ ఘెట్టో’ పేరుతో వెలువడిన అధ్యయనం పౌర సంబంధాల రంగంలో ఇదే చూపింది. మన మాటల్లో దాన్ని ముఖమల్ పరచిన వెలివాడ అనవచ్చు. ఆ రంగంలోకి స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చినా రాతపని వారికి, నిర్ణయాధికారం, హెచ్చు జీతం పురుషులకు దక్కాయి.

మన పత్రికల చరిత్రనూ ఈ దృష్టితో తిరిగి చదవాలి. 1902లో ‘హిందూసుందరి’ని స్థాపించినవారు సత్తిరాజు సీతారామయ్య, సంపాదకులు మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మ. స్త్రీలకు సంపాదకత్వం దక్కడం ఆనాటికి గొప్ప ముందడుగే. కాని ముద్రణ, చందాల లెక్క ఎవరి చేతిలో ఉండేవని మన సాహిత్య చరిత్రలు అడగడం అరుదు. విమర్శకులుగా మేమూ చాలాకాలం అడగలేదు.

ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబిచ్చినవారు ఉన్నారు. జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత స్త్రీలు. ఏం మాట్లాడాలి, ఏ యాసలో మాట్లాడాలి, ఎవరిని మాట్లాడించాలి అన్న నిర్ణయం వారే తీసుకున్నారు. గొంతుతోపాటు నిర్వహణ కూడా వారి చేతికి రావడం ఇక్కడి విశేషం.

‘నిర్వాహకురాలు’ అన్న మాట తెలుగులో ఉండనే ఉంది. హొసకోట ఆహ్వానపత్రంలో దానికి చోటు లేకపోవడానికి వ్యాకరణాన్ని నిందించి లాభం లేదు.