అడగని పిల్లలే ఆరోగ్యంగా ఉన్నారా?

యుద్ధాన్ని చూసిన వైద్యులు రాసే పుస్తకాలు సాధారణంగా రెండు రకాలు. కొన్ని రాసినవారి సాహసాల గురించి చెబుతాయి. కొన్ని బాధితుల కథలు చెప్పి మన చేత కన్నీళ్ళు పెట్టిస్తాయి. పిల్లల మానసిక వైద్యురాలు లిన్ జోన్స్ రాసిన ‘దెన్ దే స్టార్టెడ్ షూటింగ్’ ఈ రెండు కోవల్లోనూ చేరదు. బోస్నియా యుద్ధంలో పెరిగిన పిల్లల గురించిన ఈ పుస్తకం 2004లో వచ్చింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆవిడ మళ్ళీ వెళ్ళి కలిసి, ఆ సంగతులు చేర్చి 2013లో కొత్త కూర్పు తెచ్చారు. మన పాఠకుల్లో ఎక్కువ మంది కంటపడని పుస్తకం కనుక దీని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

జోన్స్ బ్రిటిష్ వనిత. 1980లలో శాంతి ఉద్యమంలో పనిచేశారు. మానసిక వైద్యంలో శిక్షణ పొందింది బ్రిటన్‌లో చివరిదాకా మిగిలిన పాతకాలపు పిచ్చాసుపత్రులలో ఒకదానిలో. అక్కడి నుంచి ఆవిడ పని బోస్నియాకి మారింది. ఈ పుస్తకానికి ఆవిడ ఎంచుకున్నవి డ్రీనా నది ఒడ్డునే ఉన్న రెండు ఊళ్ళు, ఫోచా, గొరాజ్దే. 1992లో సెర్బు సేనలు ఫోచాని పట్టుకుని అక్కడి ముస్లింలను చంపాయి, తరిమేశాయి. స్త్రీలను నిర్బంధించి చేసిన అత్యాచారాలకు హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల ట్రిబ్యునల్ 2001లో శిక్షలు వేసింది. గొరాజ్దే 1992 నుంచి 1995 దాకా ముట్టడిలో ఉండి కూడా లొంగలేదు. డేటన్ ఒప్పందం తరువాత ఒక ఊరు సెర్బుల వైపు, రెండోది ముస్లింల వైపు ఉండిపోయాయి. జోన్స్ రెండు ఊళ్ళకీ వెళ్ళి, రెండు పక్షాల పిల్లలతోనూ మాట్లాడారు. ఎవరు బాధితులు, ఎవరి వైపు వాళ్ళు దోషులు అన్న తూకం పిల్లల ముందు పెట్టలేదు. ఈ ఒక్క నిర్ణయంతోనే పుస్తకం మామూలు యుద్ధ రచనల నుంచి వేరుపడింది.

యుద్ధం ఎందుకు వచ్చిందో, పొరుగువాళ్ళు ఎందుకు శత్రువులయ్యారో తెలుసుకోవాలని తపించే పిల్లలకు మనసు కుదుటపడుతుందని మనం అనుకుంటాం. జోన్స్‌కి కనిపించింది దాదాపు దానికి వ్యతిరేకం. కారణాలు వెతుకుతూ, చుట్టూ జరిగే రాజకీయాన్ని గమనిస్తూ ఉన్న పిల్లలే ఎక్కువ కలతతో ఉన్నారు. ‘అవన్నీ మాకెందుకు’ అని చదువులో, ఆటల్లో పడిపోయిన పిల్లలు నిబ్బరంగా ఉన్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఇబ్బందిగానే అనిపించింది. ‘చెప్పుకుంటే భారం తగ్గుతుంది’ అనేది మన ఇళ్ళలో మాట. ‘మానిన పుండు కెలకొద్దు’ అన్నదీ మన పెద్దలే. సాహిత్యం చదివేవాళ్ళం మొదటి మాట వైపే మొగ్గుతాం. మానసిక వైద్యం కూడా చాలాకాలం అటే మొగ్గింది. పీటీఎస్‌డీ అనే రోగం పేరు 1980లో అమెరికా వైద్యుల పట్టికకెక్కింది. ఆ తరువాత యుద్ధం జరిగిన చోటికల్లా కౌన్సెలర్లు బయలుదేరారు. ప్రమాదం జరగ్గానే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని మామూలుగా వాడవద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2005లో సలహా ఇచ్చింది. తన వృత్తికి అలవాటైన నమ్మకాన్ని పిల్లల మాటల ముందు పక్కన పెట్టగలగడం జోన్స్ నిజాయితీకి గుర్తు.

అయినా రెండు సందేహాలు నన్ను వదలలేదు. మొదటిది: కారణాలు వెతకడం వల్ల పిల్లలు కలత చెందారా, కలతలో ఉన్నారు కనుక వెతుకుతున్నారా? ఆవిడ మాట్లాడింది కొద్దిమందితో, లోతుగా. అందువల్ల మనుషులు స్పష్టంగా కనిపిస్తారు గానీ, ఏది కారణమో ఏది ఫలితమో తేలదు. రెండోది ఇంకా పెద్దది. ఫోచాలో ఒక పిల్లవాడు పొరుగింటివాళ్ళు ఏమయ్యారని అడగకుండా సుఖంగా నిద్రపోతే అది ఆరోగ్యమా? వైద్యురాలి లెక్కలో కావచ్చు. కానీ ఊరంతా అలాగే నిద్రపోతే చనిపోయినవాళ్ళ సంగతి అడిగేదెవరు? ఫోచాలో 1992లో కూల్చిన అలాజా మసీదును తిరిగి కట్టి 2019లో తెరిచారు. అడగడం మానని వాళ్ళు కొందరు ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ అడిగేవాళ్ళు తమ మనశ్శాంతిని కొంత చెల్లించి అడుగుతారన్నది ఈ పుస్తకం నుంచి నేను నేర్చుకున్నది. కలత చెందిన ఆ పిల్లల్ని రోగులుగా మాత్రమే చూస్తే పొరపాటవుతుంది. ఊరి తరఫున జ్ఞాపకాన్ని మోస్తున్నది వాళ్ళే.

జోన్స్ 2017లో ‘అవుట్‌సైడ్ ది అసైలమ్’ పేరుతో తన వృత్తి జీవితం రాసుకున్నారు. బోస్నియా నుంచి సియెరా లియోన్‌కి, హైతీకి, ఇంకా ఎన్నో చోట్లకి సాగుతుంది కథ. సియెరా లియోన్‌లో నాటువైద్యుల దగ్గర నేర్చుకోవడానికి కూర్చున్న వినయం నాకు నచ్చింది. కానీ విపత్తు వెంట విపత్తు వస్తూ ఉంటే ఒక్కొక్క దేశం ఒక్కొక్క అధ్యాయమై కరిగిపోతుంది. విమానం వెళ్ళిపోయాక అక్కడే మిగిలే నర్సుల గురించి, స్థానిక వైద్యుల గురించి మరికొంత వినాలనిపిస్తుంది. ఒకే చోటికి తిరిగి తిరిగి వెళ్ళిన పుస్తకమే ఈ రెండింటిలో గొప్పదని నా అభిప్రాయం.

బ్రిటన్ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులుగా ఉన్న తెలుగువాళ్ళు కొద్దిమందేమీ కాదు. యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళ ముందు కూర్చుంటారు. వాళ్ళందరూ ఈ పుస్తకం చదవాలి. ఎదుటి మనిషి మౌనాన్ని వెంటనే రోగం అనుకోకుండా ఉండడానికి, అతని ప్రశ్నల్ని మందుతో పోగొట్టాలనుకోకుండా ఉండడానికి ఇది పనికొస్తుంది. మిగిలిన మనం కూడా చదవచ్చు, ‘అదంతా ఇప్పుడెందుకు’ అని పిల్లల నోళ్ళు మూయించే ముందు.