సోలాపురపు ‘వస్తుంటి’యు ఫ్రెంచి సబ్జంక్టివు భూతమును

“నువ్వు చెప్తె నేను వస్తుంటి.” సోలాపురమునందలి సాఖర్ పేట, భవానీ పేట మొదలగు నేతవారి వాడలలో, తెలంగాణము నుండి తరలివచ్చిన కుటుంబముల ఇంటిభాషలో ఈ తీరు వాక్యము సామాన్యము. చెప్పుట జరుగలేదు, వచ్చుటయు జరుగలేదు. రెండు పనులును జరుగలేదని తెలుపుచు, ఎక్కడను ‘లేదు’ అను మాట వాడని వాక్యమిది. అయినను ఈ ‘వస్తుంటి’ని వ్యాకరణము లేని మాటగా, మరాఠీ సోకి చెడిన తెలుగుగా ఎంచువారు సోలాపురమునందే కలరు, కోస్తా జిల్లాలవారి సంగతి చెప్పనక్కరలేదు. ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు దూరదేశపు గీటురాయి యొకటి ఉపకరించును. అది ఫ్రెంచి భాషలోని సబ్జంక్టివు భూతము.

నేతవాడకు ఫ్రెంచితో ఏమి పని యని తోచవచ్చును. తెలుగువారికి ఆ భాష బొత్తిగా కొత్తది కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండిన యానాములో తెలుగు పిల్లలు దానిని బడిలో చదివిరి. కాని ఇచ్చటి ప్రయోజనము వేరు. జరిగిన పని, జరుగకపోయిన పని, ముగిసినదై ఒకరి మనోభావమునకు విషయమైన పని, ఈ మూడింటిని క్రియారూపములతోనే వేరుపరచిన భాష ఫ్రెంచి. దానిని ఇంగ్లీషు పుస్తకముల మూలమున నేర్చునప్పుడు కలుగు పొరపాటును, సోలాపురపు తెలుగును అంచనా వేయుటలో కలుగు పొరపాటును ఒకే వేరునుండి పుట్టినవి. పేరును చూచి పనిని నిర్ణయించుటయే ఆ వేరు.

రూపనిర్మాణము కష్టము కాదు. ‘తిస్సే’ యనగా ఫ్రెంచిలో నేయుట. ‘ఇల్ ఆ తిస్సే’ యనగా అతడు నేసెను. ఇందలి ‘ఆ’ కలిగియుండుట యను అర్థముగల ‘అవ్వార్’ క్రియకు వర్తమానరూపము. దీనినే సబ్జంక్టివు వర్తమానమునకు మార్చిన ‘ఎ’ యగును: ‘కిల్ ఎ తిస్సే’. వచ్చుట, పోవుట, పుట్టుట, చచ్చుట మొదలగు కొన్ని క్రియలకును, ఆత్మార్థక క్రియలకును సహాయక్రియ ‘ఎత్ర్’, అనగా ఉండుట. కావున ‘ఇలె వెన్యు’, అతడు వచ్చెను అనునది, ‘కిల్ స్వా వెన్యు’ యగును. వచ్చినది స్త్రీ యైనను, పలువురైనను కృదంతపు వ్రాతలో ఆ గుర్తు చేరవలెను. నిర్మాణమును గూర్చి ఇంతకుమించి చెప్పవలసినది కొంచెమే. చిక్కంతయు ప్రయోగములో నున్నది.

సబ్జంక్టివును ‘సంశయార్థకము’ అని తెలిగించుట కద్దు. ఈ పేరు సగము నిజము. అతడు వచ్చెనా యని సందేహించునప్పుడు ఫ్రెంచివాడు ‘స్వా వెన్యు’ అనును; అక్కడ పేరు సరిపోయినది. కాని మగ్గమునుండి అప్పుడే కోసి మడిచిన చద్దరును చేతబట్టుకొని, ‘నీవు దీనిని నేసినందుకు సంతోషము’ అనునప్పుడును అతడు సబ్జంక్టివునే వాడవలెను. చద్దరు కన్నుల యెదుట నున్నది, సంశయమెక్కడిది? మరియొకవైపు, ‘అతడు వచ్చియున్నాడని ఆశ’ అనునప్పుడు, వచ్చినదియు రానిదియు తెలియకున్నను, ఫ్రెంచిలో సామాన్యభూతమే చెల్లును. సంశయము లేనిచోట రూపమున్నది, ఉన్నచోట లేదు. కావున పని నిజమా కాదా యను విచారణ ఈ రూపమునకు ప్రధానము కాదు. సంతోషము, విచారము, భయము, సందేహము, ఆవశ్యకత వంటి భావమేదైన ప్రధానవాక్యములో నుండగా, దానికి లోబడిన పని ముగిసినదని చూపుటయే దీని పని. ‘అయినప్పటికిని’ అను అర్థమిచ్చు మాటల తరువాత కూడ ఇదే వచ్చును. తెలుగు ఈ పనిని ఒక్క రూపమునకు అప్పగింపలేదు. ‘నేసినందుకు సంతోషము’, ‘నేసెనని నమ్మకము లేదు’, ‘నేసినప్పటికిని కూలి చాలలేదు’ అని మూడు కట్టులలో పంచుకొన్నది.

‘భూతము’ అను పేరును కూడ జాగ్రత్తగా పుచ్చుకొనవలెను. ‘శనివారము నాటికి నీవు ఈ పడుగు ముగించియుండవలెను’ అని యజమాని చెప్పునప్పుడు పని ఇంకను మగ్గము మీదనే యున్నది. అయినను ఫ్రెంచిలో ఇచ్చట సబ్జంక్టివు భూతము వచ్చును. అది గడచిన కాలమును కాదు, ముగింపును చెప్పును. తెలుగు ‘ముగించియుండవలెను’ సరిగా ఇట్టిదే. ఇందలి ‘ముగించి’ని చూచి భూతకాలమని యెవరును భ్రమపడరు.

అసలు పొరపాటు ఇంగ్లీషు దారిలో వచ్చినది. ‘ఇఫ్ ఐ వర్’ అను ఇంగ్లీషు మాటలోని ‘వర్’కు ఇంగ్లీషు వ్యాకర్తలు ‘పాస్టు సబ్జంక్టివు’ అని పేరిడిరి. అది లేనిదానిని ఊహించు రూపము. ఫ్రెంచిలో అదే పేరు గలది ముగిసిన పనిని చూపు రూపము. పేర్లు కవలలు, పనులు పరాయివి. ఇంగ్లీషు చదివి వచ్చిన విద్యార్థి ‘నీవు చెప్పియుంటే నేను వచ్చియుందును’ అను వాక్యమును ఫ్రెంచి చేయబోయి సబ్జంక్టివు భూతమును వెదకుట ఇందువలననే. అది అచ్చట పనికిరాదు. షరతు చెప్పు ఖండములో సామాన్యార్థకపు పూర్ణభూతమును, ఫలము చెప్పు ఖండములో కండిషనలు భూతమును వాడవలెను. ప్రాచీనశైలిలో, కావ్యములలో మాత్రము సబ్జంక్టివు పూర్ణభూతము ఈ రెండు చోట్లను కానవచ్చును. పుస్తకములలో దానిని చూచినవారికి భ్రమ మరింత బలపడుట సహజము. అయినను అది వేరు రూపము, నేటి సంభాషణలో చెల్లనిది.

ఇక ‘వస్తుంటి’ వద్దకు రావచ్చును. “అప్పట్ల దినాం కార్ఖానకు వస్తుంటి” అను నేతగాని మాటలో ఇది గతకాలపు అలవాటును తెలుపును. “నువ్వు చెప్తె వస్తుంటి” అనునప్పుడు జరుగకపోయిన రాకను తెలుపును. ఒకే రూపమునకు రెండు పనులు. ఇది భాషాదారిద్ర్యమని తోచినచో ఫ్రెంచిని చూడవలెను. ‘జె వెనే’ యనగా నేను వచ్చుచుంటిని, అలవాటుగా వచ్చెడివాడను. దానికి ముందు ‘సి’ అను షరతుమాట చేర్చినంతనే, అదే క్రియ ‘నేను వచ్చుటయే తటస్థించినచో’ అను ఊహను చెప్పును. ఫలము చెప్పు కండిషనలునకు వేరు రూపమున్నను, దాని చివరి ప్రత్యయములు ఈ అలవాటు భూతమునవే. గడచిన కాలములో హద్దులేక సాగిన పనిని తెలుపు రూపమే కంటికి కానరాని పనికిని అక్కరకు వచ్చినది. పారిసు వీథిలో దీనిని నియమమనియు, భవానీ పేటలో అపభ్రంశమనియు అనుట న్యాయము కాదు.

భేదమును కలదు. సోలాపురపు వాక్యములో ‘చెప్తె’ అను షరతు తటస్థము. “నువ్వు చెప్తె వస్త” అను నిజమైన షరతులోను ఇదే వచ్చును. జరుగలేదను గుర్తు మొత్తము చివరి క్రియపైననే పడినది. మరాఠీ అట్లు కాదు. ‘తూ బోలావలం అసతంస్ తర్ మీ ఆలో అసతో’ అను వాక్యములో రెండు ఖండములకును గుర్తు ఉన్నది. పైగా అలవాటునకు ‘యేత్ అసే’ అని వేరు కట్టు ఉన్నది. మరాఠీ ముగిసిన పనిని తెలుపు కృదంతముపై కట్టినది, ‘వస్తుంటి’ సాగుచున్న పనిని తెలుపు రూపముపై నిలిచినది. ఇంత వేరైన అల్లికను మరాఠీ సోకిన ఫలమనుట ఎట్లు? 1877లో సోలాపురమున తొలి నూలుమిల్లు వెలసినది. అటుపిమ్మట నేతపని వెదకుచు వచ్చిన పద్మశాలీలు నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి ఈ రూపమును మగ్గముతో బాటు తెచ్చుకొనిరి. మరాఠీ వినబడని తెలంగాణపు పల్లెలలోను ‘వస్తుంటి’ యున్నది.

అట్లని దీనిని మచ్చలేని ప్రాచీనసంపదగా కొనియాడుటయు అతిశయోక్తియే. సందర్భము తెలియనివానికి ‘వస్తుంటి’ అలవాటో, తప్పిపోయిన రాకయో వెంటనే తెలియదు. మరాఠీకి ఈ చిక్కు సామాన్యముగా లేదు.

భారతీయ వ్యాకరణమునకు ఈ విషయము తెలియనిది కాదు. జరుగవలసిన పని తప్పిపోవుటకు పాణినీయములో ‘క్రియాతిపత్తి’ యని పేరు. అందుకు లృఙ్ లకారము విహితము. పాశ్చాత్యులు సబ్జంక్టివు అను పేరుతో వ్యవహరించు వైదికపు లేట్ అందుకు వేరు. రెంటిని కలుపరాదని దీనినిబట్టియే తెలిసికొనవచ్చును. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణములోని ‘చేదర్థకము’ షరతును మాత్రము చెప్పును. ఆ షరతు నెరవేరునా, తప్పిపోయెనా యనునది ఆ పేరులో లేదు. బడిపుస్తకములు చేదర్థకముతో ఆగినందున, ‘వస్తుంటి’కి పాఠములో చోటు దొరకక ‘యాస’ క్రింద జమపడినది.

బడిలో పిల్ల “చెప్తె వస్తుంటి” అన్నచో ‘చెబితే వచ్చేవాణ్ణి’ లేక ‘వచ్చేదాన్ని’ అని దిద్దుదురు. ‘రోజూ వచ్చేవాణ్ణి’ అని అలవాటునకును కోస్తావారు వాడునది ఆ ‘వచ్చేవాణ్ణి’నే. దిద్దినవారి మాటయు, దిద్దబడిన పిల్ల మాటయు ఒకే పడుగుపై నేసినవే. అంచు మాత్రము వేరు. ఆ పిల్లయే వీథిలో ‘ఆలే అసతే’ అని మరాఠీలో తడబడక చెప్పును, ఇంటికి వచ్చి తల్లితో ‘వస్తుంటి’ అనును. రేపు ఆమెకు ఫ్రెంచి నేర్పవలసి వచ్చినచో, ‘నేసినందుకు సంతోషము’ను సబ్జంక్టివు వద్దకును, ‘చెప్తె వస్తుంటి’ని కండిషనలు వద్దకును కొనిపోయి నిలిపిన చాలును.